జక్కమ్మ ముందు రెండు పొట్లాలు

రెండు పొట్లాల్లోనూ ఎర్ర గన్నేరు పూలే పెట్టి గబగబా దారం చుట్టేసింది గురువమ్మాళ్. ఎవరూ రావడం లేదని గుమ్మం వైపు ఒకసారి చూసుకుని, పొట్లాలను జక్కమ్మ దీపం ముందున్న పళ్లెంలో పెట్టింది. "తల్లీ, తప్పయితే నన్ను కొట్టు. ఆ ఓడ మాత్రం ఎక్కించొద్దు" అని లెంపలు వేసుకుని స్నానానికి వెళ్లింది.

ఆ ఇంట్లో ఎంత పెద్ద ప్రయాణమైనా ఇలవేల్పు జక్కమ్మను పువ్వు అడగందే గడప దాటరు. కోడలు ఒక పొట్లంలో తెల్లపువ్వు, ఇంకో పొట్లంలో ఎర్రపువ్వు కట్టి పెట్టాలి. ఇంటి పెద్దావిడ కళ్లు మూసుకుని ఒకటి తీయాలి. తెలుపొస్తే పొమ్మన్నట్టు, ఎరుపొస్తే వద్దన్నట్టు. రెండో పొట్లం విప్పకుండా బావిలో వేసేయాలి. ఇన్నేళ్లలో ఆ పొట్లాలతో ఆటలాడే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

గురువమ్మాళ్‌కి మాత్రం వేరే దారి ఏముంది? భర్త తిరుపతిసామికి కోవిల్‌పట్టిలో మోటారు పంపుల షాపు. అందరికంటే ఎక్కువ అమ్మాడని కంపెనీవాళ్లు దంపతులిద్దరినీ నార్వే తీసుకెళ్తున్నారు. మంచుకొండల నడుమ ఓడ ప్రయాణమట. ఆ కబురు వచ్చిన దగ్గర్నుంచీ ఆయన బజారంతా చాటింపు వేశాడు, ఇద్దరికీ దుప్పట్లంత మందం కోట్లు కొన్నాడు. ఆవిడ ఎరిగిన సముద్రమల్లా తిరుచెందూరులో పాదాలు తడుపుకున్నంత మేరే. భయం పోవడానికి అల్లం చప్పరించమని ఒకరు, కళ్లు మూసుకుని నిదానంగా ఊపిరి తీయమని ఇంకొకరు, ఫోనులో ఓడ వీడియోలు చూసి అలవాటు చేసుకోమని కూతురు చెప్పారు. ఆ వీడియోలు చూశాక పట్టే కాస్త నిద్ర కూడా పట్టడం మానేసింది. అంత సంబరపడుతున్న మొగుడితో నేను రానని ఏ నోటితో చెప్పడం?

ఆవిడ చీర మార్చుకుని వచ్చేసరికి తిరుపతిసామి పెట్టెలన్నీ కారులో సర్దించి వచ్చి నిలబడ్డాడు. అత్తగారు వీరమ్మాళ్ దీపం ముందు కూర్చుని ఉంది. ముసలావిడ కళ్లు మూసుకుని, తడిమి తడిమి ఒక పొట్లం తీసి దారం లాగింది.

తెల్లపువ్వు.

గురువమ్మాళ్‌కి ఒళ్లంతా జలదరించింది. తన చేత్తో కట్టిన ఎర్రపువ్వు తెల్లపువ్వు అయింది. పక్కన మొగుడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. అత్తగారైతే పువ్వును అరచేతిలో పెట్టుకుని కళ్లార్పకుండా దాన్నే చూస్తోంది. వాళ్లది భక్తి అనుకుంది గురువమ్మాళ్. రెండో పొట్లం బావిలో పడింది, కారు మదురై విమానాశ్రయం దారి పట్టింది.

సాత్తూరు వచ్చేసరికి ఆవిడ గుండెలోని దడ పూర్తిగా పోయింది. జక్కమ్మే దగ్గరుండి పంపిస్తుంటే సముద్రం ఏం చేస్తుంది? ఇంత మహిమ కడుపులో దాచుకోవడం ఆవిడ వల్ల కాలేదు. డ్రైవర్ తిరుత్తంగల్ తమిళుడు, ఇంట్లో వీళ్లు మాట్లాడుకునే తెలుగు ముక్క రాదు.

"మామా, నేనొక తప్పు చేస్తిని. రెండు పొట్లాల్లోనూ ఎరుపే కడితిని. ఓడంటే నాకు బయం. జక్కమ్మే మార్చేసె" అంది మెల్లగా.

తిరుపతిసామి ఆవిడ వైపు తిరిగి నోరు తెరుచుకుని చూశాడు.

"నీకు బయమా? నాకూ బయమే. నీకు ఆశ అని గదా నేను వాయి మూసుకోనుంటిని. నువ్వు స్నానానికి పోంగానే నీ పొట్లాలు విప్పకుండానే పారేసి, నేను వేరే కట్టి పెడితిని. రెండూ ఎరుపే."

ఇద్దరికీ ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. కాసేపు ఆలోచించి, అయితే ఇది జక్కమ్మ పని కాదు, మా అమ్మ పని అని తేల్చేశాడు తిరుపతిసామి. తను పెట్టెలు సర్దిస్తున్నప్పుడు పూజగదిలో ఉన్నది ఆవిడ ఒక్కతే. కొడుకూ కోడలూ వెనకాడుతున్నారని కనిపెట్టి తెల్లపూలు పెట్టి ఉంటుంది.

గురువమ్మాళ్ గుండె మళ్లీ దడదడలాడింది. ఏ జక్కమ్మ అండ చూసుకుని ఇంత దూరం వచ్చిందో ఆ అండే లేదన్నమాట. అత్తగారు పంపిన ఓడ ఎక్కడం తన వల్ల కాదని కచ్చితంగా చెప్పేసింది. తన వల్ల అసలే కాదన్నాడు ఆయన. బజారులో నవ్వితే నవ్వనీ, అమ్మను అడుగుదాం, ఆవిడ మార్చిందని తేలితే వెనక్కి తిరిగిపోదాం అనుకున్నారు. విరుదునగర్‌లో నూనె పరోటా అంగడి ముందు కారు ఆపించి, గురువమ్మాళ్ స్పీకరు పెట్టి ఫోను చేసింది.

"అత్తా, నిజం చెప్పు. పళ్లెంలో పొట్లాలు మార్చింది నువ్వేనా?"

అవతల ఏడుపు వినిపించింది.

"నేనేనమ్మా. నీకెవరు చెప్పిరి?"

గురువమ్మాళ్ కళ్లు మూసుకుంది. తిరుపతిసామి డ్రైవర్ భుజం తట్టి, బండి కోవిల్‌పట్టికి తిప్పమని తమిళంలో చెప్పాడు. కారు కదిలి మలుపు తిరుగుతోంది. ఫోనులో వీరమ్మాళ్ ఏడుస్తూనే మాట్లాడుతోంది.

"మిమ్మల్ని అంత దూరం నీళ్ల మీదికి పంపేదానికి నాకు మనసొప్పలేదమ్మా. అందుకే ఉన్నవి తీసేసి, రెండిట్లోనూ ఎర్రపూలే కడితిని. ఆ తెల్లపువ్వు ఎట్ల వచ్చెనో నాకు తెలీదు."