కాగితం మీద తడి

“మళ్లా తడిసిందే!”

సుదర్శన్ కంప్యూటర్ పెట్టెలోంచి టిష్యూ కాగితం బయటికి తీసి వెలుతురుకు పట్టుకున్నాడు. మధ్యలో రూపాయి బిళ్లంత తడి.

“అయ్యో, మళ్లానా?” అంది లహరి. ఆ ‘అయ్యో’లో బాధ సరిపోయిందో లేదోనని ఆమెకే అనుమానం వచ్చింది.

“నిన్నటి తావే. ఇంకోసారి బిగించి చూస్తా. రేపు రాండి.”

రాయదుర్గంలో ఏ అంగడిలోనైనా ‘రేపు రాండి’ అంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. లహరికి మాత్రం కడుపు నిండినట్టయింది.

ఆమెది గుమ్మఘట్ట. పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసి పెట్టడం పని. రేకుల గదిలో, ఈ పాడు ఎండల్లో, మూడు ముళ్లు పడేలోపే కంప్యూటర్ వేడెక్కి ఆగిపోతోంది. ఫ్యాన్లు మార్చినా లాభం లేకపోయింది. లోపల పైపులు వేసి నీళ్లతో చల్లబరిచే ఏర్పాటు సుదర్శన్ చేస్తాడని ఎవరో చెబితే, పెట్టెను ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చింది.

మొదటి రోజే అతను అంతా విడమరిచి చెప్పాడు.

“నీళ్లూ కరెంటూ ఒకే పెట్టెలో కాపురం చేయాల. ఒక్క చుక్క బోర్డు మీద పడినా షార్టే. మన బోరు నీళ్లు అసలే పనికిరావు, ఉప్పు ఉంటాది, కరెంటు దాని వెంట పారతాది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరే పోయాల. ప్రతి అతుకు కిందా కాగితం పెట్టి, బోర్డుకు కరెంటు ఇయ్యకుండా, రాత్రంతా పంపు ఒకటే తిప్పాల. తెల్లారి కాగితాలు పొడిగా ఉంటేనే అసలు స్విచ్చు.”

చెబుతూనే కిటికీ ఊచ ముట్టుకుని, ఒంట్లో కరెంటేమైనా ఉంటే వదిలించుకుని, అప్పుడు బోర్డు పట్టుకున్నాడు. అది వెనక రేకుకు తగలకుండా ఇత్తడి కాళ్లన్నీ సరిగా ఉన్నాయో లేదో వేలితో తడిమి చూశాడు. చిన్న స్క్రూ ఒకటి లోపల జారిపడితే, అది దొరికేదాకా అన్నానికి లేవలేదు. పెట్టెనే ఇంత భద్రంగా చూసుకునేవాడు మనిషినైతే ఎట్లా చూసుకుంటాడో! ఆ ఆలోచన వచ్చాక లహరి ఇంకెక్కడ బాగుపడుతుంది?

వీధిలో అందరికీ అతను ‘సుదర్శనన్నా’. ఆమె మాత్రం పొరపాటున కూడా అన్నా అనదు. ‘ఇదో’ అంటుంది, ‘వింటాండారా’ అంటుంది, అంతే.

పెట్టె ఇచ్చిన మరుసటి పొద్దున ఆమె వచ్చేసరికి నల్ల రబ్బరు పైపులు బిగించి, కాగితాలు పెట్టి ఉన్నాయి.

“కూచోండి, టీ తెస్తా” అని అతను వీధి దాటాడు.

లహరి వంగి చూసింది. కాగితాలన్నీ శుభ్రంగా పొడిగా ఉన్నాయి. అంటే పని అయిపోయినట్టే. పెట్టె తీసుకుని బస్సెక్కాలి, ఇక ఈ గడప తొక్కడానికి సాకు ఉండదు. సంచిలో నీళ్ల సీసా ఉంది. ఒక కాగితం బయటికి లాగి, నాలుగు చుక్కలు వేసి, బోర్డుకు చెమ్మ తగలకుండా మళ్లీ అతుకు కింద పెట్టింది. ఆ జాగ్రత్త అతని దగ్గర నేర్చుకున్నదే మరి!

అప్పటి నుంచి రోజూ అదే వరస. మిగతా వాళ్లకు గడప మీద నుంచే కేకేసి టీ తెప్పించేవాడు, ఆమెకు మాత్రం తానే పోయి తెచ్చేవాడు. ఎంత మర్యాదస్తుడో అని ఆమె మురిసిపోయేది.

“ఇన్ని పెండ్లిండ్లు చూస్తారు గదా, విసుగు రాదా?” అని ఒకరోజు టీ తాగుతూ అడిగాడు.

“వస్తాది. యాది చూసినా మనది కాదు గదా!” అనేసి నాలుక కరుచుకుంది. అతను ఖాళీ గ్లాసులు తీసుకుని లేచాడు. ఒక్క మాట అడిగి ఉంటే ఎంత బాగుండు! బస్సులో ఇంటిదాకా అదే దిగులు. ఇంట్లో నాయనది వేరే పాట. “పెండ్లోళ్లు ఇంటికాడికే వస్తాండారు, పెట్టె యాడమ్మా?”

ఈ రోజూ సుదర్శన్ తడి కాగితం పారేస్తుండగానే, పక్క జెరాక్స్ అంగడి ఎర్రిస్వామి లోపలికి వచ్చాడు.

“ఏమప్పా, ఇంగా ఈ పెట్టేనా? పైపు బిగించేది రాకపోతే బోరు మెకానిక్ లక్ష్మన్నను పిలిపిచ్చుకో.”

సుదర్శన్ నవ్వాడు.

“నవ్వద్దప్పా. కణేకల్లో ఒక బడోళ్లు వాళ్ల కంప్యూటర్లన్నీ రిపేరుకు నీకే ఇద్దామనుకుండిరి. చుక్క కారేది ఆపలేనోడికి ఏమిచ్చేది అని బళ్లారికి పోతాండారు” అనేసి ఎర్రిస్వామి వెళ్లిపోయాడు.

లహరికి అప్పుడు అర్థమైంది. తన ఆశ కోసం అతని పేరు బజారున పడేసింది. ఇక దాచడం పాపం అనిపించింది.

“వింటాండారా... మీ పనిలో తప్పు లేదు. ఆ తడి చేస్తాండేది నేనే. మీరు టీకి పోయినప్పుడు, నా సీసాలో నీళ్లతో.”

సుదర్శన్ స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

“పని అయిపోతే మిమ్మల్ని చూసేకి రాలేనని అట్ల చేసినా. తిట్టాలనుంటే తిట్టండి. బడోళ్లకు నేనే పోయి చెప్తా.”

“తిట్టేదేముంది? నాకు తెలుసు.”

“తెలుసా! ఎప్పటి నుంచి?”

“మొదటి కాగితం నుంచే.” అతని చెవులు ఎర్రబడ్డాయి.

“ఎట్లా? నేను పోస్తాంటే చూసినారా?”

అతను తల అడ్డంగా ఊపాడు.

“దాంట్లో నేనింకా నీళ్లే పోయలేదు.”