జోగారావు గారి చివరి కరోకే

రాత్రి చిక్కడపల్లిలోని తన ఇంట్లో హైమవతి గారు కంప్యూటర్ ముందు పాడుతున్నారు. ఆ కరోకే ఫైలు జోగారావు గారు పోయేముందు ఆవిడ కోసమే చివరిదాకా పూర్తిచేసి ఇచ్చింది. పాడేవారి ఊపిరిని బట్టి, తెర మీద ఏ అక్షరం ఎప్పుడు రంగు మారాలో ఆయన చేత్తో కూర్చేవారు.

రెండో చరణంలో ఆవిడకు దగ్గొచ్చింది. సరిగ్గా అప్పుడే రంగు ఆగింది. దగ్గు తగ్గగానే కదిలింది.

"నువ్వు ఆపావా బాబూ?"

"నేను ముట్టలేదమ్మా," అన్నాడు పక్కనే కూర్చున్న కరుణాకర్, ఇరవై ఏళ్లు జోగారావు గారి దగ్గర పనిచేసినవాడు. "ఫైల్ల సారే గంత జాగ ఇడిసిండు. ఏం పనితనమమ్మా! ఒక్కనాడు లెక్క తప్పలె."

ఆవిడ మురిసిపోయి మూడో చరణం అందుకున్నారు. కరుణాకర్ ఫైలులో ముందుకు చూశాడు. సంగీతం చివరిదాకా ఉంది. ఈ చరణంలో నాలుగో మాట తర్వాత మాత్రం ఏ అక్షరానికీ రంగు లేదు.

ఆవిడ మూడో మాట పాడుతున్నారు.