చెయ్యి వదలని అన్నయ్య

"చెప్పేస్తానన్నయ్యా. ఇవాళ అందరి ముందూ చెప్పేస్తాను" అన్నాడు దర్జీ.

"ఏమని? క్వయర్ గౌన్లు ఇరవై నాలుగూ తగలబెట్టింది నేనేననా?" అన్నయ్య పళ్ళు కొరికాడు. "గౌన్లు పోతే మళ్ళీ కుట్టొచ్చురా. పరువు పోతే ఏ మిషను మీద కుడతావు?"

జరిగింది ఇదీ. చర్చి వెనక గదిలో గౌన్లు ఇస్త్రీ చేసి, పెట్టె ఆపడం మర్చిపోయి ఇంటికెళ్ళిపోయాడు దర్జీ. బీరువాతో సహా బూడిదైంది. నేరం మాత్రం వాచ్‌మన్ తాత బీడీ మీద పడింది. ఇవాళ ఆరాధన అయ్యాక తాతని పంపించేస్తున్నారు. పనితో పాటు గేటు పక్క గదీ పోతుంది. తాత పరుపు చుట్ట అప్పుడే గుమ్మం దగ్గరికి చేరింది.

దర్జీకి కుట్టడమే తెలుసు, కుట్ర తెలియదు. నాలుగు రోజులుగా సూది కంటే మనసే ఎక్కువ కుడుతోంది. మామూలుగా అతను మాట్లాడటం మొదలెడితే చూసి తీరాల్సిందే. ఎడాపెడా మాట్లాడతాడు. పిల్లలు చుట్టూ మూగుతారు.

"నువ్వు సంఘ పెద్దవి. నీ బాధ నాకు తెలుసు. కానీ ఈ వయసులో తాత ఎక్కడికి పోతాడన్నయ్యా?"

అన్నయ్య వదిన వైపు చూశాడు. వదిన కళ్ళతోనే ఏదో అంది. అంతే, అన్నయ్య గొంతు వెన్నలా కరిగింది.

"సరేరా, నీ ఇష్టం. కానీ ఒంటరిగా నిలబడకు. ఈ పక్క నేనుంటా, ఆ పక్క మీ వదినుంటుంది. ఏమైనా సరే, నీ చెయ్యి మాత్రం వదలం."

దర్జీ కళ్ళు చెమర్చాయి. అన్నయ్య ఇనప గేట్లు వంచే మనిషి. వదిన బేకరీలో బస్తాల కొద్దీ పిండి పిసికే మనిషి. ఇంత గట్టి అండ ఎవరికుంటుంది?

ఆరాధన అయ్యాక, ఊరికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు అందరినీ గుండ్రంగా నిలబెట్టారు.

"మైకు దొరికితే మైకం కమ్మే ప్రార్థనలు ఇవాళ వద్దు" అన్నారు. "చేతులు పట్టుకోండి. కళ్ళు మూసుకోండి. ఎవరి గుండెలో బరువుంటే వాళ్ళు ప్రభువు ముందు దించెయ్యండి. ఎవరూ ఏమీ అనకపోతే, ఇక తప్పు తాతదే."

అన్నయ్య దర్జీ ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. వదిన కుడి చెయ్యి. కళ్ళన్నీ మూతపడ్డాయి, దర్జీవి తప్ప.

ఎవరో దగ్గారు. ఫ్యాను కిర్రుమంది.

ప్రభువా, ఇదిగో చెబుతున్నా అనుకున్నాడు దర్జీ. లోపల మొర ఉంది. గొంతు మొరాయిస్తోంది, ఎప్పటిలాగే. చెవి వెనక నుంచి చెమట జారింది. అన్నయ్య వైపు చూశాడు. అన్నయ్య భక్తిగా పెదవులు కదుపుతున్నాడు. పట్టు బిగిసింది. వదిన వైపు చూశాడు. అక్కడా అంతే.

దర్జీ నోట ఓ చిన్న మూలుగు బయటపడింది.

"స్తోత్రం!" అన్నాడు అన్నయ్య, సరిగ్గా దాని మీద పడేట్టు.

"ఇంకొక్క నిమిషం" అన్నారు పాస్టరుగారు.

ఎదురుగా తాత ఒక్క క్షణం కళ్ళు తెరిచాడు. దర్జీ ఆత్రంగా తల అడ్డంగా ఊపాడు, నువ్వు కాదు తాతా, నువ్వు కాదు అని. ఇక ఆశ లేదంటున్నాడు కాబోలనుకుని తాత మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

"మౌనమే జవాబు" నిట్టూర్చారు పాస్టరుగారు. "ఆమేన్."

తాత తాళాలగుత్తి బల్ల మీద పెట్టాడు. పరుపు భుజానికెత్తుకున్నాడు. వెనక్కి చూడకుండా మెట్లు దిగాడు.

తాత గేటు దాటాక గానీ అన్నావదినలు వదల్లేదు, ఆ పుట్టుమూగవాడు మాట్లాడే రెండు చేతుల్నీ.