గంగాధరప్ప కారు వణుకు

“ఏమప్పా ఇమామూ, నువ్వు చేసిన పని ఇదేనా? కూచుంటే పండ్లు రాలిపోతాండాయి!” అంటూ గంగాధరప్ప కారు దిగి, తలుపు ధడేలున వేశాడు.

అనంతపురం బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఇమాం హుస్సేన్ మేస్త్రీ చేతుల జిడ్డు కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటున్నాడు. ఊళ్ళో నీళ్ళు తాగడానికే లేవు, చేతులు కడుక్కునే భోగం ఎక్కడిది?

సాయంత్రం బెంగళూరు రైలుకు చెల్లెలు షరీఫాబీ, వానల్లేక చేను బీడుపడి, పిల్లల్ని వెంటేసుకుని కూలికి పోతోంది. రాయదుర్గం పక్క పల్లె ఆమెది. గంగాధరప్ప బాడుగ కారులోనే వచ్చి స్టేషన్లో కూర్చుంటానని కబురు పెట్టింది. ఆమె దారికని ఇమాం హుస్సేన్ భార్య కాల్చిన జొన్నరొట్టెల మూట మేకుకు వేలాడుతోంది. చెల్లెలిని స్టేషన్లో దింపాకే గంగాధరప్ప ఇటు వచ్చుంటాడు. అడిగితే ఆమె వలస మాట ఎత్తాల్సొస్తుందని ఇమాం హుస్సేన్ అడగలేదు.

“రేపు చూస్తాన్నా. ఈ పొద్దు నాకు పనుండాది.”

“రేపా? నా బతుకే ఈ కారప్పా! ఇప్పుడే చూడు. లేదంటే బళ్ళారి మేస్త్రీకాడికి తోలకపోతా. నీ పనితనం ఊరూరా చెప్తా.”

చెప్పినా చెప్తాడు. ఉన్న ఒక్క పేరూ పోతే తినేదేముంది? ఇమాం హుస్సేన్ గోనెపట్టా పరిచి, ఒళ్ళంతా నొప్పులతోనే కారు కిందికి దూరాడు.

ఈ కారుతో ఆయనకు తల ప్రాణం తోకకొచ్చింది. పాత ఇంజను చచ్చిపోతే యుద్ధం నాటి జీపు ఇంజను తెచ్చి బిగించాడు. ఇంజను ఎత్తు మారేసరికి, దాన్నుంచి వెనక చక్రాలకు పోయే షాఫ్టు వరస తప్పి ఒకటే వణుకు. ‘ఎంతమందిని ఎక్కిస్తావన్నా?’ అంటే ‘ఐదుగురే, పర్మిట్టు అంతే గదా’ అని దేవుడి మీద ఒట్టేశాడు గంగాధరప్ప. ఒకరోజు రోడ్డు మీద చూస్తే ఆ ఐదుగురు పన్నెండు మంది! అంత బరువుకు వెనక భాగం కుంగిపోతుంటే షాఫ్టు వరస ఎక్కడ నిలుస్తుంది? చివరికి బజార్లో కూలీలను బతిమాలి, కారు నిండా కూర్చోబెట్టి, ఆ బరువు మీదే గేరుబాక్సు కింద ఇనుపరేకులు పెట్టి సరిచేశాడు. ఆ తర్వాత వలసపోయే జనాన్ని కుక్కి కుక్కి తెచ్చినా కారు కిక్కురుమనలేదు.

మరి ఈ రోజు ఏమొచ్చింది? జాయింట్లు కదిపి చూశాడు, లూజు లేదు. బోల్టులు గట్టిగానే ఉన్నాయి. పెట్టిన రేకులు పెట్టినట్టే ఉన్నాయి.

“కనపడిందా?” అన్నాడు గంగాధరప్ప పైనుంచి.

“ఏం లేదన్నా. అంతా బాగుండాది.”

“అయితే వణికేది నేనా?”

ఇద్దరూ కారెక్కి గడియారస్తంభం దాకా పోయి వచ్చారు. నిజమే, మలేరియా పట్టినట్టు వణికింది. ఎండ అప్పుడే వాలిపోతోంది. పిల్లలతో చెల్లెలు ప్లాట్‌ఫారం మీద దారి చూస్తూ ఉంటుంది. ఇమాం హుస్సేన్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

వెంట వేసుకెళ్ళిన పనిముట్లు తీద్దామని వెనక తలుపు తెరిచి, అలాగే నిలబడిపోయాడు. రోజూ మూటలూ ముంతలూ ఎక్కి దిగే సీటు మీద ఒక బీడీముక్క లేదు, పిల్లలు తినిపారేసిన శెనక్కాయ పొట్టు లేదు.

“అన్నా, పొద్దున ఎంతమందిని తెచ్చినావు?”

గంగాధరప్ప మొహం పక్కకు తిప్పుకున్నాడు. “ఎవురూ రాలే. ఒట్టి కారే తోలుకొచ్చినా.”

“ఒట్టిదైతే వణకదా మరి? నిండు బరువుకు గదా నేను సరిజేసింది!” అన్నాడు ఇమాం హుస్సేన్. అంతలోనే చెల్లెలు గుర్తుకొచ్చింది. “మా షరీఫా వస్తాననె గదన్నా... యాడుండాది?”

“యాడుంటాది? మొన్న రాత్రి మా రాయదుర్గం పక్క కుండపోతగా వాన కురిసె. నిన్నట్నుంచి ఒక్కరన్నా కారెక్కితే ఒట్టు!” గంగాధరప్ప విసుగ్గా మేకుకున్న మూటకేసి చూశాడు. “మీ చెల్లెలు విత్తనాల గంప నెత్తిన పెట్టుకోని చేనికి పోతా, ఆ రొట్టెలు నిన్నే తినేయమని చెప్పమనె.”