ఏ అమరావతి?

“దూపైతుంది తమ్మీ. జర నీళ్లు పొయ్యి.”

మూసేసిన చాయ్ బండి తాడిపత్రి పట్టా కింద కూర్చున్న లింగమూర్తి తలెత్తాడు.

ఎవరో ముసలాయన. భుజం మీద దుప్పటి, నిండా చిల్లులు.

లాక్‌డౌన్‌లో బట్టలు నేసే సాంచాలు బందై నలభై రోజులు. పరాయి రాష్ట్రంలో, గోడాదరాలోని అద్దె గదికి తాళమేసి, కూతురినీ అల్లుడినీ వెంటబెట్టుకుని లింగమూర్తి సొంతూరికి నడక మొదలుపెట్టాడు. కడోదరా దాటేసరికి కూతురు వినోదకు కళ్లు తిరిగాయి. ఆమెకు ఎనిమిదో నెల. అల్లుడు లారీ కోసం ముందుకు పోయాడు.

మిగిలినవి అర సీసా నీళ్లు.

“ఇయ్యకు నాయినా. ఆయనకు కరోనా గిట్ట ఉంటే?” వినోద కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

‘దూపన్నోనికి ముందు నీళ్లియ్యాలె, తర్వాతనే ఊరడగాలె.’ నిరుడు పోయిన భార్య సమ్మక్క మాట అది. ఆమె ఉన్నప్పుడు నవ్వి ఊరుకునేవాడు.

లింగమూర్తి సీసా ఎత్తి ఆయన దోసిట్లో పోశాడు. నాలుగు గుక్కలే అనుకున్నాడు. ఆయన దోసిలి తీయలేదు. సీసా ఖాళీ అయింది.

“ఏ ఊరు పెద్దమనిషీ?”

“అమరావతి.”

“ఏ అమరావతి? ఆంధ్రదా, మహారాష్ట్రదా?”

“ఇంకింత మీదికి.”

“ఏం పని జేస్తవ్?”

“నీళ్ల పని.”

“ట్యాంకరా?”

“గసొంటిదే.”

వినోదకు ఒళ్లు మండింది. “నీళ్ల పనోనివి, మా నీళ్లు తాగితివా! గా దుప్పటి ఏ సాంచ మీద నేసిండ్రో, అన్ని చిల్లులే.”

“చిల్లులు గావు బిడ్డా, కండ్లు. అన్ని నీ దిక్కే ఉన్నయ్.”

నవ్వుతూ ఎండలోకి నడిచిపోయాడు.

సీసా తలకిందులు చేసి చూసుకుంది వినోద. చుక్క లేదు. నాలుక పిడచకట్టుకుపోతోంది.

అప్పుడు ఉరిమింది. గోడాదరా సాంచాలన్నీ ఒక్కసారే నడిచినట్టు.

మే నెల మిట్టమధ్యాహ్నం, మబ్బు జాడే లేని ఆకాశం నుంచి వాన కుండపోతగా కురిసింది. తాడిపత్రి బరువుగా వంగి, అంచు నుంచి ధార కట్టింది. లింగమూర్తి సీసా పట్టాడు. వినోద తాగింది. మళ్లీ పట్టాడు, మళ్లీ తాగింది. కడుపులో బిడ్డ కదిలితే చేయి వేసుకుని ఏడ్చింది.

“నాయినా, ముసలాయన తడుస్తుండు, పిలువు!”

రోడ్డు చూపు ఆనినంత దూరం తిన్నగా ఉంది. మనిషి లేడు. ఆయన నడిచిన దిక్కున ఏడు రంగుల సింగిడి నిలబడి ఉంది.

తిట్టిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది వినోద.

“ఏ అమరావతి అన్నడు నాయినా?”

లింగమూర్తి తడి చేతులు జోడించి పైకి చూశాడు.

“దేవేంద్రునిది, బిడ్డా.”