మన చెట్టు కాయే

"ముందు చెట్టు చూపించమ్మా. కాఫీ తర్వాత తాగుదాం," అన్నాడు లాయరు దేవేంద్ర, కారు దిగీ దిగకముందే.

"ఎండ మండిపోతాండాది. సల్లబడినాక పోదాం, కూసో లాయరప్పా," అంది గోవిందమ్మ.

"లేదమ్మా, పేపరువాళ్లు నీ చెట్టు కింద నా ఫోటో అడిగారు."

పుంగనూరు దాటాక రోడ్డు వెడల్పు చేస్తామంటూ దారి పొడవునా ఉన్న చింతచెట్లను కొట్టేయబోతే, తన చేని గట్టు మీది చెట్టును అడ్డం పెట్టి గోవిందమ్మ కేసు వేసింది. ఇన్నేళ్లకు నిన్న తీర్పొచ్చింది, ఒక్క చెట్టునూ ముట్టుకోరాదని. దేవేంద్ర కాళ్లు నేల మీద ఆనడం లేదు.

వాయిదా వచ్చినప్పుడల్లా ఆమె మదనపల్లె ఆఫీసుకొచ్చి, "మన చెట్టు కాయే అప్పా," అంటూ చింతపండు పొట్లం బల్ల మీద పెట్టేది. "నీ చెట్టు ఉన్నంతవరకే నీ కేసు, జాగ్రత్త," అని ఆయన పెద్దరికంగా చెప్పేవాడు. ఇంట్లో పులుసు కలుపుకున్నప్పుడల్లా, చెట్టు పచ్చగా ఉందిలే అనుకునేవాడు. చూడ్డానికి మాత్రం ఇదే రావడం. పని ఒత్తిడని పేరు, అసలుది బద్ధకం.

గోవిందమ్మ ముందు నడిచింది. రోడ్డుకు అటూ ఇటూ చెట్లు గుబురుగా నీడ పరిచి ఉన్నాయి. ఆమె చేని దగ్గరికొచ్చేసరికి ఎండ ముఖాన కొట్టింది. గట్టు మీద ఎండిన మొద్దు, దాని మీద పడుకున్న మేకపిల్ల.

"ఇదేంది! ఎప్పుడు కొట్టేశారు?"

"నువ్వు కేసేసిన వారంలోనే. తెల్లారి సూస్తే లేదు."

"నాతో ఒక్క మాట చెప్పుంటే వాళ్లను కోర్టుకు ఈడ్చేవాణ్ణి కదమ్మా! ఎందుకు దాచావు?"

ఆమె మొద్దును నిమురుతూ నిలబడింది. ఒక్కసారైనా వచ్చి ఉంటే తనకే తెలిసేది కదా అని దేవేంద్రకు తలకొట్టేసినట్లయింది. కోపం దిగి, దాని చోట సిగ్గు మిగిలింది.

"మరి ఆ చింతపండు?" అన్నాడు మెల్లగా.

"సంతలోదప్పా. నా చెట్టు ఉంటేనే కేసని నువ్వే అంటివి గదా. అది పోయిందంటే నువ్వు కేసు ఇడిచేస్తావేమో, తక్కినవన్నీ కొట్టేస్తారేమో అని, కొని తెస్తా వచ్చినాను."