మోచేతి మచ్చలు

"అసలు కార్డే కావాలి ఆంటీ. ఫోనులో ఫోటో పనికిరాదు."

ఇన్సూరెన్సు కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే చెప్పింది.

"పిల్లకి ఆపరేషన్ తల్లీ. ఇవాళే చెయ్యాలంట..." పాప తల్లి బతిమాలింది.

"నేనేం చెయ్యనండీ? కంపెనీ రూలు."

పైన వార్డులో, మంచం మీంచి చిన్నది నీరసంగా నవ్వింది.

"ఏడవకమ్మా. నువ్వేడిస్తే నాకేదో అయిపోతోందని భయమేస్తుంది."

నర్సు తల్లి భుజం తట్టింది. "డాక్టరుగారు సిద్ధంగా ఉన్నారు. రక్తానికి కబురు చేశాం. మీరు కార్డు పట్టుకొచ్చెయ్యండి, చాలు."

తల్లి ఇంటికి పరిగెత్తింది. కార్డు సంచిలో వేసుకుని తిరుగు బస్సెక్కింది.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆవిడ కీడెంచడం మొదలుపెడితే మేలు దాకా ఎప్పుడూ వచ్చేది కాదు.

బస్సు ఆగితే టైరు పేలిందనుకుంది. ఫోను మోగితే పిల్లకేదో అయిందనుకుంది. తీరా చూస్తే, లోను కావాలా మేడం అంటూ ఎవరో.

ఆసుపత్రి స్టాపులో కాలు కింద పెట్టిందో లేదో, బైకు మీద వచ్చిన వాడెవడో భుజం మీది సంచి లాక్కుపోయాడు.

"దొంగ! దొంగ! నా పిల్ల కార్డు!"

జనం చూశారు. చూస్తూనే ఉన్నారు.

ఆవిడ రోడ్డు మీదే కూలబడి తల పట్టుకుంది. ఎవరు పరిగెత్తారో, ఎవరు ఆగిపోయారో చూడలేదు.

కాసేపటికి పక్క సందులోంచి ఒకతను వచ్చాడు. మాసిన గడ్డం, నలిగిన చొక్కా, ఒళ్ళంతా చెమట. చేతిలో ఆవిడ సంచి.

"డబ్బులు తీసుకుని సంచి పారేశాడమ్మా. చూసుకోండి, ఇంకేమైనా పోయాయేమో."

కార్డు ఉంది. డబ్బు లేదు.

"నువ్వే తీసి నువ్వే తెచ్చిస్తున్నావా?" తల్లి అతని చొక్కా పట్టుకుంది.

చొక్కా చెయ్యి పర్రున చిరిగింది. మోచేతి మడత దగ్గర సూది మచ్చలు. ఒకటీ రెండూ కాదు.

"అమ్మో! మత్తు సూదులు! చూడండి, చూడండి!"

దొరకని దొంగ వెనక కదలని జనానికి దొరికినవాణ్ణి చూడగానే ఎక్కడలేని ధైర్యం వచ్చింది. చుట్టూ మూగారు. కానిస్టేబుల్ లాఠీ ఊపుకుంటూ వచ్చాడు.

"ఏంట్రా ఈ మచ్చలు?"

"అవి... సార్, ఆసుపత్రిలో ఒక పాప..."

"దొరికిన ప్రతివాడికీ ఆసుపత్రిలో ఎవరో ఒకరు ఉంటార్లే. ఫోనిలా ఇవ్వు. ఎవరి దగ్గర కొట్టేశావో తేల్చేద్దాం."

ఫోను స్విచ్చాఫ్ చేసి జేబులో వేసుకున్నాడు.

"ఒక్కసారి వెళ్ళొస్తాను సార్. వచ్చాక మీరు ఎంతసేపు కూర్చోమంటే అంతసేపు కూర్చుంటా."

"వెళ్ళినవాడు మళ్ళీ వస్తాడా?" అంది తల్లి. "వదలకండి సార్. ఇలాంటి వాళ్ళే పిల్లల్ని పాడుచేసేది."

"మీరొచ్చి కంప్లైంటు మీద సంతకం పెట్టేదాకా స్టేషన్లోనే ఉంటాడు. సరేనా?"

"కార్డు ఇచ్చేసి వచ్చేస్తా."

అతను ఆవిడ వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

"తొందరగా రండమ్మా" అన్నాడు.

కౌంటర్లో సర్వరు పనిచెయ్యడం లేదు. సర్వరు వచ్చేసరికి ఆఫీసరు భోజనానికి వెళ్ళాడు. ఆఫీసరు వచ్చేసరికి కంపెనీ వాళ్ళు ఫోనెత్తడం లేదు.

"ఇంకా ఎంతసేపు తల్లీ?"

"మా చేతుల్లో ఏముంది ఆంటీ? కూర్చోండి."

మధ్యలో స్టేషన్ గుర్తొచ్చింది. కూర్చోనీ దొంగవెధవని, అనుకుంది. ఇక్కణ్ణుంచి లేస్తే వరసలో చోటు పోదూ?

"ఆంటీ, అప్రూవల్ వచ్చేసింది!"

ఆ కాగితం గుండెకి అదుముకుని మెట్లు ఎగబాకింది.

ఆపరేషన్ గది తలుపు తెరుచుకుంది. డాక్టరు మాస్కు కిందికి లాగాడు. ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు.

ఆవిడకి ఈసారి కీడెంచాల్సిన పని లేకపోయింది.

"ఒక్క కార్డు కోసం నా బిడ్డని పొట్టన పెట్టుకున్నారు కదయ్యా!"

నర్సు కళ్ళు తుడుచుకుంటూ పక్కన కూలబడింది.

"కార్డు కోసం ఆగలేదమ్మా. డబ్బు సంగతి తర్వాత చూద్దామన్నారు డాక్టరుగారు. రక్తం కోసం ఆగాం. పాపది ఎక్కడా దొరకని గ్రూపు. ఊరు మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. పిలిస్తే ఏనాడూ రాననలేదు. మీరు భయపడతారని చెప్పలేదుగానీ, పొద్దున బస్సెక్కానన్నాడు, ఆ తర్వాత ఫోను కలవలేదు. ఇక ఆగలేక మొదలుపెట్టారు..."

తల్లి ఏడుపు ఉన్నట్టుండి ఆగిపోయింది.

మెట్ల మీద ఎవరో పరిగెత్తుకొస్తున్న చప్పుడు.

అతను గోడ పట్టుకుని ఆయాసపడ్డాడు. గోడ వారన ముడుచుకున్న ఆవిణ్ణి గమనించలేదు.

"అసలువాడు ఇప్పుడే దొరికాడు సిస్టర్, నన్ను వదిలేశారు" అంటూ, చిరిగిన చొక్కా చేతిని మోచేతి పైకి మడిచి నర్సు ముందు చాపాడు. "తొందరగా తీసుకోండి, పాప పాపం ఎదురుచూస్తుంటుంది."